రాయితీ రాడ్డు, కప్ప బొమ్మ, కొరమీను

“ఆరు వేల రాడ్డు రెండు వేలకే ఇస్తున్నారు. బాస్ ఫిషింగ్ రాడ్డట. తీసుకుంటే మన దగ్గర చేపలు పడతాయా?”

హైదరాబాదు నుంచి సిద్దిపేట పోయే రాజీవ్ రహదారి మీది కుకునూరుపల్లిలో ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే ఇప్పుడు వింతేమీ లేదు. చెరువులు, కుంటలు తప్ప పెద్ద నీళ్లు ఎరగని ప్రాంతమది. 2020 మే 29న మర్కూక్ దగ్గర కొండపోచమ్మసాగర్, 2022 ఫిబ్రవరి 23న మల్లన్నసాగర్ ప్రారంభమయ్యాయి. మొదటిది 15 టీఎంసీల జలాశయం, రెండోది 50 టీఎంసీలది. నీళ్లొచ్చాక చేపలొచ్చాయి, చేపలొచ్చాక గాలం వేసే సరదా పెరిగింది. ఫోను తెరిస్తే అరవై శాతం తగ్గింపు, డెబ్బై శాతం తగ్గింపు అంటూ రాడ్డు, రీలు కలిపిన సెట్లు కనిపిస్తాయి. వాటిలో చాలావాటి మీద ‘బాస్’ అని రాసి ఉంటుంది.

ఆ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ధర నిజంగా తగ్గిందా అన్నది ఒకటి. ఆ రాడ్డు ఏ పని కోసం పుట్టిందో ఆ పని మనకు ఉందా అన్నది రెండోది. కొనేవాళ్లు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. రెండోదానికి జవాబు తెలిస్తే మొదటిది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. బొమ్మ ఎరతో చేపలు పట్టే ప్రతి పద్ధతిలోనూ సామానులో ఏదో ఒక భాగం మీదే ఎక్కువ కష్టం పడుతుంది. ఒక పద్ధతిలో అది రాడ్డు, ఇంకొక పద్ధతిలో రీలు, మరొక చోట దారం. కష్టపడే భాగం దగ్గర చౌక వెతకకూడదు. కష్టం లేని భాగం ఎంత చౌకగా దొరికినా కొనవచ్చు. ఈ అధ్యాయంలో చెప్పేదంతా ఈ లెక్క ఎలా వేసుకోవాలన్నదే.

బాస్ లేని చోట బాస్ రాడ్డు

బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. పెద్దనోరు బాస్ అన్న రకం అక్కడి వేటగాళ్లకు ప్రాణం. 1932లో జార్జియా రాష్ట్రంలో పట్టిన పది కిలోల పైచిలుకు చేప రికార్డును 2009లో జపానులోని బివా సరస్సులో దొరికిన చేప సమం చేసింది. జపానులోకి ఈ చేపను 1925లో తెచ్చి వదిలారు. అది అక్కడి దేశవాళీ చేపల్ని తినేస్తోందని 2005 నుంచి చట్టం పెట్టి మరీ కట్టడి చేయవలసి వచ్చింది. (మన జలాశయాల్లో కూడా బాస్ పిల్లల్ని వదిలితే బాగుంటుందని అనుకునేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు.) 1960ల చివర అమెరికాలో బాస్ వేటకు పోటీలు, బహుమతులు మొదలయ్యాక ఒక్కో పద్ధతికి ఒక్కో రాడ్డు అనే మార్కెట్ పెరిగింది. మన ఫోనులో కనిపించే సెట్ల వెనక ఉన్నది ఆ చరిత్రే.

మన నీళ్లలో బాస్ లేదు. మరి ఆ సామానుతో పట్టదగిన చేప ఏది? ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా పంపిణీ చేస్తూ చెరువుల్లో వదులుతున్న చేప పిల్లల్లో ఎక్కువ భాగం బొచ్చె, రవ్వ, మోసు రకాలు. ఇవి వేటాడే చేపలు కావు. బొచ్చె నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని వడగట్టుకుని తింటుంది. మోసు అడుగున కుళ్లిన ఆకూ అలమూ తింటుంది. ముందు నుంచి మెరుస్తూ పోయే రేకు బొమ్మను తరమాలన్న కోరిక వాటికి పుట్టదు. వాటికి తవుడు ముద్ద, పిండి ముద్ద, బెండు కట్టిన గాలం కావాలి. పదివేల బాస్ సెట్టుతో రోజంతా విసిరినా అవి పడకపోవడానికి కారణం రాడ్డు నాసిరకం కావడం కాదు.

బొమ్మను తరిమే మన చేప కొరమీను. 2016లో తెలంగాణ దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. తుంగలో, తామరాకుల కింద, గుర్రపుడెక్క నీడలో కదలకుండా పొంచి ఉండి, దగ్గరికి వచ్చిన కప్పనో చిన్న చేపనో ఒక్కసారిగా మీద పడి పట్టేస్తుంది. మొప్పలతో పాటు గాలి పీల్చే ప్రత్యేక అవయవం తలలో ఉండడం వల్ల అప్పుడప్పుడూ పైకి వచ్చి నోరు తెరిచి గాలి తీసుకుపోతుంది. ఆక్సిజన్ తక్కువైన బురద కుంటల్లో కూడా బతుకుతున్నది ఈ ఏర్పాటు వల్లే. దాని చూపు నీటి పైభాగం మీద ఉంటుంది, దాక్కునేది ఆకుల మధ్య. సామాను ఎంపికకు ఈ రెండు విషయాలే ఆధారం. పెద్ద నీళ్లలోనైతే వాలుగ కూడా బొమ్మను వెంటాడుతుంది. దాని తీరు వేరు, అది తెరిపి నీళ్లలో తిరిగే చేప.

రాడ్డు ఎక్కడ వంగాలి

రాడ్డు ఒక స్ప్రింగు. విసిరేటప్పుడు వెనక్కి ఊపితే బొమ్మ బరువుకు అది వంగుతుంది, ముందుకు తెచ్చినప్పుడు సాగి ఆ శక్తిని బొమ్మకు ఇస్తుంది. బొమ్మ మరీ తేలికైతే గట్టి రాడ్డు వంగనే వంగదు. అప్పుడు శక్తి నిలవ కాదు, చేయి ఎంత ఊపినా బొమ్మ పది గజాల్లో పడిపోతుంది. బొమ్మ మరీ బరువైతే మెత్తని రాడ్డు తట్టుకోలేక విరుగుతుంది. అందుకే పిడికి కొంచెం పైన కంపెనీవాళ్లు బొమ్మ బరువు హద్దులు అచ్చు వేస్తారు. అవి ఔన్సుల్లో ఉంటాయి. పావు ఔన్సు అంటే 7 గ్రాములు, అర ఔన్సు 14, ముప్పావు ఔన్సు 21. చదవవలసిన మొదటి అంకె అదే. ధర అంకె దాని తర్వాత.

అదే చోట ఇంకో రెండు మాటలుంటాయి. పవర్ అన్నది రాడ్డు వంగడానికి ఎంత బలం కావాలో చెబుతుంది. దీన్ని మొండితనం అనుకోవచ్చు. లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ అని ఉంటుంది. యాక్షన్ అన్నది ఆ వంపు ఎక్కడ మొదలవుతుందో చెబుతుంది. దీన్ని వంపు చోటు అందాం. ఫాస్ట్ అంటే కొసన ఉన్న మూడో వంతు మాత్రమే వంగుతుంది. మోడరేట్ అంటే వంపు నడుమ దాకా దిగుతుంది. ఈ రెంటినీ ఒకటిగా కలిపేసుకోవడం వల్ల జరిగే పొరపాట్లు చాలా ఉన్నాయి. మొండి రాడ్డే అయినా నడుమ దాకా వంగవచ్చు, మెత్తని రాడ్డే అయినా కొసలో మాత్రమే వంగవచ్చు.

వంపు చోటు ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఏడడుగుల రాడ్డు పట్టుకున్నప్పుడు ముందు చేతికి, దారం లాగే చోటుకు మధ్య దూరం 150 సెంటీమీటర్లు, ముందు చేతికీ వెనక చేతికీ మధ్య 30 సెంటీమీటర్లు అనుకుందాం. చేప ఒక కిలో బలంతో లాగితే వెనక చేయి ఐదు కిలోల బలంతో నొక్కాలి. రాడ్డు మనకు లాభం చేసే మీటకోల అని చాలామంది అనుకుంటారు గానీ, చేప తగిలాక ఆ లాభం చేపదే. అదే రాడ్డు నడుమ దాకా వంగిందనుకోండి, లాగే చోటు దగ్గరికి వచ్చి 150 కాస్తా 90 అవుతుంది, చేతిమీద భారం మూడు కిలోలకు దిగుతుంది. వంగే రాడ్డు చేతికి సుఖం, గాలానికి మెత్తన. వంగని రాడ్డు గాలాన్ని లోతుగా దించుతుంది, చేపను ఆకుల్లోంచి బలవంతంగా ఈడ్చుకొస్తుంది. ఏది మంచిదని అడిగితే జవాబు లేదు, ఏ బొమ్మకు అని అడగాలి.

కప్ప బొమ్మ కథ

కొరమీనుకు అన్నిటికంటే కుదిరే బొమ్మ మెత్తని రబ్బరు కప్ప. లోపల బోలుగా ఉంటుంది, రెండు గాలాలు దాని వీపుకు అతుక్కుని మొన పైకి తేలి ఉంటాయి కనుక తామరాకుల మీద లాగినా చిక్కుకోదు. అమెరికాలో దట్టమైన నాచు మీద బాస్ కోసం ఇలాంటి కప్పల్నే వాడతారు. అంటే కప్ప కోసం చేసిన బాస్ సామాను కుకునూరుపల్లి కుంటలో ఏ మార్పూ లేకుండా పనికొస్తుంది. బాస్ పద్ధతుల్లో ఇలా నేరుగా ఇక్కడికి దిగుమతి అయ్యేవి చాలా తక్కువ.

ఇక్కడ కష్టం ఎవరిది? కొరమీను నోరు గట్టి ఎముక. అది కప్పను కొరికినప్పుడు మొదట రబ్బరు అణగాలి, తర్వాత గాలం మొన బయటపడి ఎముకలోకి దిగాలి. ఇదంతా ఇరవై గజాల దూరాన జరుగుతుంది. మామూలు నైలాను తంగూసు సాగుతుంది. పాతిక మీటర్ల దారం పదో వంతు సాగినా మనం రాడ్డు లాగిన లాగుడులో రెండున్నర మీటర్లు దారం సాగడానికే పోతాయి, గాలం కదలదు. అందుకే ఇక్కడ సాగని అల్లిక దారం కావాలి. బ్రెయిడ్ అని అమ్మేది అదే, 40 నుంచి 65 పౌండ్ల బలానిది. రాడ్డు హెవీ లేదా మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్. రీలుకు ఇక్కడ నాజూకు పనేమీ లేదు. చేపకు దారం వదలడం ఉండదు, బిగించి ఈడ్చడమే. కాబట్టి కప్ప సెట్టులో డబ్బు రాడ్డు మీద, దారం మీద పెట్టి, గట్టి పళ్ల చక్రాలున్న సాదా రీలు రాయితీలో కొంటే నష్టం లేదు. సెట్టుతో ఉచితంగా వచ్చే నైలాను దారాన్ని తీసి పక్కన పెట్టడమే మేలు.

ఒక పక్క మాట. వానాకాలంలో కొరమీను పిల్లలు ఎర్రటి గుంపుగా నీటి పైన కనిపిస్తాయి, కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. ఆ గుంపు మీద కప్పను లాగితే తప్పకుండా కొడుతుంది, ఆకలితో కాదు, పిల్లల దగ్గరికి ఏదో వచ్చిందని. ఆ పెద్ద చేపను తీసేస్తే గుంపు మొత్తం పక్క చేపల పాలవుతుంది. పిల్లల గుంపు మీద బొమ్మ వేయడం వేట కాదని నా అభిప్రాయం.

క్రాంక్‌బైటు కథ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మూతి ముందు పలక ఉన్న గట్టి చేప బొమ్మ అది, లాగితే వణుకుతూ నీళ్లలోకి దిగుతుంది. దానికి సన్నని మూడు మొనల గాలాలు రెండు వేలాడుతుంటాయి. చేప కొట్టగానే ఆ మొనల్లో ఏదో ఒకటి దానంతట అదే గుచ్చుకుంటుంది. ఇక్కడ మొండి రాడ్డుతో గట్టిగా గుంజితే సన్నని గాలం చీల్చుకుని బయటికి వచ్చేస్తుంది. కావలసింది నడుమ దాకా నిదానంగా వంగే రాడ్డు. కార్బన్ రాడ్లు 1970ల తొలినాళ్లలో వచ్చాయి, ఆ తర్వాత గ్లాసు ఫైబరు పాతబడిపోయింది. బరువెక్కువ, స్పందన తక్కువ అని దాన్ని పక్కన పెట్టారు. కానీ క్రాంక్‌బైటుకు గ్లాసు ఫైబరుకున్న ఆ నిదానమే గుణం. ఖరీదైన క్రాంక్‌బైటు రాడ్లలో కంపెనీలు గ్లాసు ఫైబరును కావాలని కలుపుతాయి. అందువల్ల అంగడిలో ఎవరూ ముట్టని చౌక గ్లాసు ఫైబరు రాడ్డు, తెరిపి నీళ్లలో వాలుగ కోసం క్రాంక్‌బైటు లాగేవాడికి అసలైన రాయితీ. రాడ్డు చౌకదైనా ఈ పనికి సరిపోతుంది, కష్టం పడేది రీలు. లోతుకు దిగే బొమ్మ నీళ్లను నెట్టుకుంటూ వస్తుంది, ఆ బరువు రోజంతా రీలు చక్రాల మీద ఉంటుంది.

రేకు తిరిగే స్పిన్నర్‌బైటు ఈ రెంటికీ నడుమ ఉంటుంది. మీడియం హెవీ రాడ్డు దానికి చాలు. సన్నని దారంతో ఐదు గ్రాముల లోపు బొమ్మల్ని అడుగున ఆడించే నాజూకు పద్ధతులు బాస్ వేటలో పెద్ద శాస్త్రం, కానీ తుంగలో ఉండే కొరమీనుకు వాటితో పని తక్కువ. రాయితీ జాబితాలో ‘అల్ట్రా లైట్’ అన్నది ఎంత అందంగా కనిపించినా ఇక్కడ మొదటి రాడ్డుగా దాన్ని కొనవద్దు.

రీలులో డబ్బు ఎక్కడికి పోతుంది

రీళ్లు ప్రధానంగా రెండు రకాలు. బెయిట్‌కాస్టింగ్ రీలులో విసిరినప్పుడు దారం చుట్టిన ఉండ తిరుగుతుంది. స్పిన్నింగ్ రీలులో ఉండ కదలదు, దారం దాని అంచు మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. మొదటి రకానికి రెండు వందల ఏళ్ల వయసుంది. 19వ శతాబ్దం తొలి దశకాల్లో అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు పళ్ల చక్రాలు పెట్టి తయారు చేశాడు.

బెయిట్‌కాస్టింగ్ రీలు కొన్న వాళ్లలో చాలామంది త్వరగా విసిగిపోవడానికి కారణం దారం గూడులా చిక్కుపడడం. సంక్రాంతికి పతంగి ఎగరేసిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. పతంగి జోరుగా మాంజా లాక్కుపోతుంటుంది, చరఖా గిర్రున తిరుగుతుంటుంది. గాలి పడిపోయి పతంగి లాగడం ఆపినా చరఖా ఆగదు, ఊపులో ఇంకా తిరుగుతూ అక్కరలేని మాంజాను వదిలి పోగు పెడుతుంది. పట్టుకున్నవాడు వేళ్లతో చరఖాను ఒత్తకపోతే అంతే సంగతులు. బొమ్మ గాలిలో వేగం తగ్గుతున్న కొద్దీ రీలులో ఉండ కూడా అంతే తగ్గాలి, లేకపోతే దారం పోగవుతుంది. ఆ ఒత్తే పనిని రీలులో రెండు రకాల బ్రేకులు చేస్తాయి. ఒకదానిలో వేగం పెరిగినప్పుడు చిన్న దిమ్మెలు బయటికి జరిగి అంచుకు రాసుకుంటాయి. మరొకదానిలో అల్యూమినియం ఉండ పక్కన అయస్కాంతాలుంటాయి. తిరిగే లోహంలో సుడి విద్యుత్తు పుట్టి ఉండను వెనక్కి లాగుతుంది. ముట్టుకోకుండానే ఆపే ఏర్పాటు అది.

ఇందులోంచి కొనేవాడికి ఒక నియమం వస్తుంది. ఉండ బరువైతే దాన్ని తిప్పడానికి బరువైన బొమ్మ కావాలి, తిరిగాక ఆపడమూ కష్టం. మామూలు ధరల బెయిట్‌కాస్టింగ్ రీళ్లతో 7 గ్రాముల లోపు బొమ్మలు విసరడం విసుగు పని. అలాంటి బొమ్మలకు స్పిన్నింగ్ రీలే మేలు. 15 గ్రాముల కప్పకు మాత్రం చౌక బెయిట్‌కాస్టింగ్ రీలు కూడా హాయిగా తిరుగుతుంది. అంటే రాయితీ రీలు లోపాలు తేలిక బొమ్మ దగ్గర బయటపడతాయి, బరువు బొమ్మ దగ్గర దాక్కుంటాయి.

ఇంకొక అంకె, చక్రాల నిష్పత్తి. 7:1 అంటే పిడి ఒక్క చుట్టు తిరిగితే ఉండ ఏడు చుట్లు తిరుగుతుంది. ఉండ అడ్డుకొలత 34 మిల్లీమీటర్లయితే ఒక్క చుట్టుకు 75 సెంటీమీటర్ల దారం వస్తుంది. 5:1 అయితే 53. కప్పకు ఎక్కువ నిష్పత్తి మంచిది, చేప కొట్టగానే వదులు దారాన్ని చప్పున చుట్టుకోవాలి గనుక. లోతు క్రాంక్‌బైటుకు తక్కువ నిష్పత్తి మంచిది, పిడి మీద భారం తగ్గుతుంది గనుక. ఎక్కువ అంకె ఉన్నది ఎక్కువ మంచి రీలు అన్న భ్రమతో జనం 7:1 కోసం ఎగబడతారు, 5:1 రీళ్లు అమ్ముడుపోక రాయితీకి దిగుతాయి. క్రాంక్‌బైటు వాడేవాళ్లకు ఇది వరం.

బేరింగుల సంఖ్య గురించి ఒక్క మాట చాలు. 12+1 అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. నాలుగు మంచి బేరింగులున్న రీలు పన్నెండు నాసి బేరింగుల రీలుకంటే ఎక్కువ కాలం నడుస్తుంది. చూడవలసింది చట్రం. భారం పడినప్పుడు ప్లాస్టిక్ చట్రం కొద్దిగా మెలిపడుతుంది, పళ్ల చక్రాలు వరుస తప్పి అరుగుతాయి.

తగ్గింపు ఎందుకు వచ్చిందో

మన దేశంలో పెట్టె మీద ముద్రించే ఎంఆర్‌పీ అమ్మదగిన గరిష్ఠ ధర. ఆ ధరకు ఎవరైనా ఎప్పుడైనా కొన్నారని దాని అర్థం కాదు. ఆరు వేలని అచ్చు వేసి రెండు వేలకు అమ్మేవాడు నాలుగు వేలు వదులుకోవడం లేదు. శాతం అంకెను పూర్తిగా మరిచిపోయి, అదే పవర్, అదే యాక్షన్ ఉన్న వేరే రాడ్లు ఎంతకు అమ్ముతున్నారో చూడాలి. నిజమైన తగ్గింపు సాధారణంగా రెండు కారణాల వల్ల వస్తుంది. కొత్త రంగుతో కొత్త మోడలు వచ్చి పాతది మిగిలిపోవడం మొదటిది. దీనిలో కొనేవాడికి పోయేదేమీ లేదు. ఎవరికీ అక్కరలేని కొలతలు మిగిలిపోవడం రెండోది. ఇందులో జాగ్రత్త కావాలి. మిగిలినవి మరీ పొట్టివో, మరీ మెత్తనివో అయితే కప్పకు పనికిరావు. కాని మరీ మొండివి, మరీ పొడుగువి మిగిలాయంటే, రాళ్లు పరిచిన జలాశయం కట్ట మీదనో తుంగ అంచుననో నిలబడి దూరం విసరాలనుకునేవాడికి అవే కావాలి.

ఈ లెక్కకు వచ్చే అభ్యంతరాలు తెలిసినవే. ‘ఎంత పెడితే అంత మంచిది, లెక్కలెందుకు?’ అంటారు. ఖరీదైన కార్బన్ రాడ్డు తేలిక, స్పందన గొప్పది, అది నిజం. కాని పలచని గోడల వల్ల కారు తలుపులో పడితేనో రాయికి తగిలితేనో అదే ముందు పగులుతుంది. కప్ప ఆటలో కళ్లతో చూసి గుంజుతాం, వేళ్లకు అందే సూక్ష్మ స్పందనకు అక్కడ పెద్ద పని లేదు. ఆ గుణానికి ఇచ్చిన డబ్బు వృథా. ‘అన్నిటికీ ఒకటే రాడ్డు చాలదా?’ అన్నది ఇంకో ప్రశ్న, దీనికి బలముంది. ఏడడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ రాడ్డు కప్పకూ స్పిన్నర్‌బైటుకూ సరిపోతుంది, క్రాంక్‌బైటుకు ఇబ్బందిగానైనా నడుస్తుంది. ఒక్కటే కొనేవాళ్లు అదే కొనాలి. ఇక ‘వెదురు కర్రకు వానపాము కట్టి మా తాతలు కొరమీను పట్టలేదా?’ అన్న మాట. పట్టారు, ఇప్పటికీ పడుతుంది. చేప ఉన్న చోటు తెలిసి, దానికి అందేంత దగ్గర నిలబడి, ఓపికగా ఎదురుచూసే పద్ధతి అది. బొమ్మ ఎర చేప ఎక్కడుందో వెతుక్కుంటూ పోయే పద్ధతి. వెదురుతో కట్ట మీదినుంచి ముప్పై గజాలు విసరలేం, అంతే తేడా. తూము పక్కన కూర్చుని బొచ్చె పట్టాలనుకునేవాడు ఈ అధ్యాయంలో చెప్పిన ఏ వస్తువూ కొననక్కర్లేదు.

పార్సిల్ వచ్చాక చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. దారం వెళ్లే ప్రతి ఉంగరం లోపలి పింగాణీ అంచును దూది పోగుతో తుడవాలి. పోగు చిక్కుకుందంటే అక్కడ బీట ఉంది, అల్లిక దారాన్ని అది కోసేస్తుంది. రెండు ముక్కల రాడ్డైతే కీలు దగ్గర కదలిక ఉందేమో చూడాలి. రీలు పిడిని నెమ్మదిగా తిప్పితే ఎక్కడా గరగర తగలకూడదు. స్పిన్నింగ్ రీలైతే దారం వదిలే పట్టును వదులు చేసి లాగి చూడాలి, మొదట బిగిసి తర్వాత ఒక్క కుదుపుతో వదిలే రీలు సన్నని దారాన్ని తెంపుతుంది.

వీటితో పాటు చెరువులు, జలాశయాల మీద చేపల హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలకు ఉంటుంది కనుక వాళ్లను అడిగి గాలం వేయాలి. రాడ్డు విషయంలో ప్రాణానికి సంబంధించినది మరొకటి ఉంది. కార్బన్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. ఏడడుగుల కార్బన్ రాడ్డు ఎత్తి పట్టుకుని పొలాల మీది కరెంటు తీగల కింద నడవడం, ఉరుములొచ్చినప్పుడు కట్ట మీద విసురుతూ నిలబడడం చాలా ప్రమాదం. పొడిగా ఉన్న గ్లాసు ఫైబరు అలా ప్రవహింపజేయదు గానీ, తడిసిన రాడ్డును, తడిసిన దారాన్ని నమ్మకూడదు. పొలం గట్ల వెంట కట్టకు పోయేటప్పుడు రాడ్డును రెండు ముక్కలుగా విడదీసి, కొస కిందికి ఉండేలా పట్టుకుని నడవాలి.